పట్టణ ప్రణాళిక – సిద్ధాంతం, చరిత్ర, చట్టం: తెలుగు పరిభాషపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పట్టణ ప్రణాళికను సాధారణంగా ఇంజనీరింగు, పరిపాలన రంగాలకు చెందిన శాస్త్రంగా పరిగణిస్తారు. అయితే ఏ ప్రణాళిక అయినా నేల మీద అమలయ్యే ముందు మాటల్లో అమలవుతుంది. ఒక భూమిని ‘పోరంబోకు’ అన్నా, ‘శిఖం’ అన్నా, ‘జరీబు’ అన్నా, ఒక ఇంటిని ‘అక్రమ నిర్మాణం’ అన్నా, ‘ఆక్రమణ’ అన్నా ఆ పేరును బట్టే అక్కడి మనుషుల హక్కులు నిర్ణయమవుతాయి. పట్టణ ప్రణాళికా సిద్ధాంతం, చరిత్ర, న్యాయవ్యవస్థలను స్థూలంగా పరిచయం చేస్తూ, తెలుగు నేలపై ఈ రంగంలో వాడుకలో ఉన్న పరిభాష ఎవరిని లెక్కలోకి తీసుకుంటోందో, ఎవరిని వదిలివేస్తోందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పట్టణ ప్రణాళిక, బృహత్ ప్రణాళిక, ప్రజాప్రయోజనం, భూసేకరణ, భూసమీకరణ, క్రమబద్ధీకరణ, పరిభాష.

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రబంధాల్లో పురవర్ణన ఒక తప్పనిసరి అంగం. అష్టాదశ వర్ణనల్లో అది మొదట నిలుస్తుంది. కోటలు, అగడ్తలు, మేడలు, ఉద్యానాలు, చతుర్వర్ణాల వారు వరుసగా కనిపిస్తారు. ఆ వర్ణనలో నగరం అప్పటికే పూర్తయి ఉంటుంది. దాన్ని ఎవరు కట్టారు, ఎవరి నేల మీద కట్టారు, కట్టినవారు ఎక్కడ నివసించారు అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. ఆధునిక కాలంలో పురవర్ణన స్థానాన్ని ‘మాస్టర్‌ప్లాన్’ ఆక్రమించింది. రంగుల పటంలో ఇరవై ఏళ్ల తరువాతి నగరం ముందుగానే సిద్ధమై కనిపిస్తుంది. రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ప్రబంధంలోని పురవర్ణన ఎవరి ఇంటినీ తొలగించలేదు. మాస్టర్‌ప్లాన్‌కు చట్టబలం ఉంది.

అందువల్ల ప్రణాళికా పత్రాన్ని కూడా ఒక పాఠంగా చదవవలసిన అవసరం ఏర్పడుతోంది. ఇంతవరకు తెలుగులో నగర జీవితంపై వచ్చిన విమర్శ ప్రధానంగా కథ, కవిత, నవలలకే పరిమితమైంది. అలిశెట్టి ప్రభాకర్ ‘సిటీ లైఫ్’ కవితల వంటివి నగరంలో మనిషి పడే యాతనను పట్టి చూపాయి. ఆ యాతనకు రూపమిచ్చే పటాలు, చట్టాలు, ఉత్తర్వుల భాషను పరిశీలించడం సాహిత్య విమర్శకుల పనిగా గుర్తింపు పొందలేదు.

2. సిద్ధాంత నేపథ్యం

2.1. ఆరోగ్యం నుంచి ఉద్యాననగరం దాకా

ఆధునిక పట్టణ ప్రణాళిక పుట్టుక సౌందర్యదృష్టిలో లేదు, అంటువ్యాధుల భయంలో ఉంది. పారిశ్రామిక విప్లవం తరువాత ఇంగ్లండులోని పట్టణాల్లో కలరా విజృంభించడంతో 1848లో, మళ్లీ 1875లో ప్రజారోగ్య చట్టాలు వచ్చాయి. మురుగు కాలువ, తాగునీరు, వీధి వెడల్పు అనేవి ప్రభుత్వ బాధ్యతగా మారింది అక్కడే. ఆ పునాది మీద 1909లో బ్రిటన్‌లో గృహనిర్మాణ, పట్టణ ప్రణాళికా చట్టం రూపొందింది.

ఈ మధ్యకాలంలోనే ఎబినేజర్ హోవర్డ్ 1898లో ఉద్యాననగర భావనను ప్రతిపాదించాడు. ఆయన వాస్తుశిల్పి కాదు, వృత్తిరీత్యా శీఘ్రలిపికారుడు. 6,000 ఎకరాల్లో 1,000 ఎకరాలు నగరానికి, మిగిలినది సాగుకు, మొత్తం 32,000 మంది జనాభా అన్నది ఆయన వేసిన లెక్క. అందరికీ గుర్తుండిపోయింది చెట్లు, తోటలు మాత్రమే. ఆ ప్రతిపాదనకు ఆయువుపట్టు వేరే ఉంది. భూమి సమాజం ఉమ్మడి ఆస్తిగా ఉండాలి, నగరం పెరిగినకొద్దీ పెరిగే భూమి విలువ ఆ సమాజానికే చెందాలి అన్నది హోవర్డ్ వాదం. లెచ్‌వర్త్ (1903), వెల్విన్ (1920) నగరాలు ఆ ఆలోచనకు ఫలితాలు. నేడు మన నగరాల శివార్లలో ‘గార్డెన్ సిటీ’ పేరుతో వెలుస్తున్న వెంచర్లలో పేరు మిగిలింది, ఉమ్మడి యాజమాన్యమనే మూలసూత్రం పోయింది. ఒక భావన మరో చోటికి వెళ్లేటప్పుడు దానిలో ఏది ప్రయాణం చేస్తుందో, ఏది వెనుక ఉండిపోతుందో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

2.2. మండలాల విభజన

నివాసం ఒక చోట, పరిశ్రమ ఒక చోట, వ్యాపారం మరో చోట ఉండాలన్న జోనింగు విధానం అమెరికాలో బలపడింది. 1916లో న్యూయార్క్ నగరం జోనింగు నిబంధనలు చేసింది. 1926లో యూక్లిడ్ గ్రామానికి, ఆంబ్లర్ రియల్టీ సంస్థకు మధ్య జరిగిన వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని సమర్థించింది. ఆ తీర్పు విడి ఇళ్ల నడుమ వెలిసే అపార్ట్‌మెంటును ‘పరాన్నజీవి’గా వర్ణించింది. భూమిని వర్గీకరించే చోట భాష తటస్థంగా ఉండదని చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు. అంతకు ముందు కొన్ని అమెరికన్ నగరాలు జాతి ప్రాతిపదికన కూడా నివాసాలను విభజించే ప్రయత్నం చేశాయి. 1917లో బుకానన్, వార్లీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అయినా స్థలం కనీస విస్తీర్ణం, ఇంటి రకం వంటి పైకి నిర్దోషంగా కనిపించే నిబంధనలు పేదలను దూరంగా ఉంచే పనిని కొనసాగించాయి.

2.3. నిపుణుడి నుంచి పౌరుడి వైపు

ఇరవయ్యో శతాబ్దం ప్రథమార్ధంలో ప్రణాళికను నిపుణుడి హేతుబద్ధ నిర్ణయంగా భావించారు. ల కార్బూజియే దృష్టి దానికి పరాకాష్ఠ. 1961లో జేన్ జేకబ్స్ ఈ దృష్టిని ఎదిరించింది. పైనుంచి చూసేవారికి గందరగోళంగా కనిపించే వీధిలో లోలోపల ఒక క్రమం ఉంటుందన్నది ఆమె పరిశీలన. 1965లో పాల్ డేవిడాఫ్ ‘ప్రజాప్రయోజనం’ ఒక్కటే ఉండదని, వేర్వేరు వర్గాల పక్షాన వేర్వేరు ప్రణాళికలు వాదనకు రావాలని సూచించాడు. 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ ప్రజా భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపింది. కింది మెట్లపై జరిగేది భాగస్వామ్యం కాదు, దాని నటన అన్నది ఆమె తేల్చిన విషయం.

భారతీయ నగరాల విషయంలో అనన్యా రాయ్ విశ్లేషణ మరింత కీలకమైనది. అనధికారికత ప్రణాళికకు వెలుపల పుట్టిన లోపం కాదని, ఏది సక్రమమో ఏది అక్రమమో ఎప్పటికప్పుడు నిర్ణయించే అధికారాన్ని రాజ్యం తన దగ్గరే ఉంచుకోవడం వల్ల ఏర్పడిన స్థితి అని ఆమె వాదించింది. ఈ వాదనకు తెలుగు పరిభాష ఎంతవరకు సాక్ష్యమిస్తుందో తరువాతి భాగాల్లో చూడవచ్చు.

3. చరిత్ర: ఊరు, వాడ, నగరం

నగర నిర్మాణానికి సంబంధించి కౌటిల్యుని అర్థశాస్త్రంలో స్పష్టమైన విధానం ఉంది. తూర్పు పడమరలుగా మూడు, ఉత్తర దక్షిణాలుగా మూడు రాజమార్గాలు, పన్నెండు ద్వారాలు దుర్గనివేశంలో కనిపిస్తాయి. వీధిలో చెత్త వేసినవారికి జరిమానా, ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య వివాదాలకు నియమాలు కూడా ఉన్నాయి. దీన్ని ప్రాచీన భారతీయ ప్రణాళికా జ్ఞానానికి నిదర్శనంగా ఉటంకించడం పరిపాటి. అదే గ్రంథం నాలుగు వర్ణాలకు నాలుగు దిక్కులు కేటాయించి, చండాలులకు శ్మశానం అంచున నివాసం చూపిందన్న విషయాన్ని ఆ ఉటంకింపులు తరచుగా దాటవేస్తాయి. క్రమబద్ధమైన వీధులు, క్రమబద్ధమైన వెలి ఒకే ప్రణాళికలోని రెండు పార్శ్వాలు.

తెలుగులో ‘ఊరు–వాడ’ అన్న జంటపదం ఈ విభజనను ఇప్పటికీ మోస్తోంది. ‘వెలివాడ’ అన్న మాటలో దిక్కు, దూరం, హోదా మూడూ ఇమిడి ఉన్నాయి. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ నవలకు ‘మాలపల్లి’ అన్న స్థలనామమే శీర్షిక కావడం యాదృచ్ఛికం కాదు. తెలుగు సమాజంలో మనిషి చిరునామా చాలాకాలంగా మనిషి గుర్తింపుగా పనిచేసింది. జోనింగు అన్న ఆధునిక భావన ఖాళీ స్థలం మీదికి రాలేదు, అప్పటికే విభజితమైన నేల మీదికి వచ్చింది.

వలస పాలనలో ప్లేగు, రద్దీ నివారణ పేరిట పాత పేటలను కూల్చి విశాలమైన రోడ్లు వేయడం ప్రణాళికగా చలామణి అయింది. 1914లో భారతదేశానికి వచ్చిన స్కాట్లండు జీవశాస్త్రవేత్త పాట్రిక్ గెడెస్ ఈ పద్ధతిని విమర్శించాడు. ముందు సర్వే, తరువాత ప్రణాళిక అన్నది ఆయన సూత్రం. కూల్చివేతకు బదులు, అవసరమైన చోట మాత్రమే కొద్దిపాటి కోత పెట్టి, మిగిలినదాన్ని కాపాడే ‘పరిరక్షక శస్త్రచికిత్స’ ఆయన ప్రతిపాదన.

హైదరాబాదు నగరంలో ప్రణాళికకు నాంది పలికినది 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద. ఎగువన చెరువుల కట్టలు తెగడంతో వేలాది మంది మరణించారు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం ఆహ్వానించింది. ఆయన సిఫారసుల ఫలితంగా ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు ఏర్పడ్డాయి. 1912లో ఏర్పాటైన నగరాభివృద్ధి మండలి రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ వంటి కట్టడాలు నిర్మించింది, మురికివాడలను తొలగించి కొత్త ఇళ్లు కట్టింది. ఇక్కడ గమనించవలసినది మూలకారణం. నగరాన్ని ముంచినది నగరంలోని లోపం ఒక్కటే కాదు, నగరానికి పైన ఉన్న నీటి వ్యవస్థ. ప్రణాళిక హద్దు నగరం హద్దు దగ్గర ఆగకూడదన్న పాఠాన్ని ఆ వరద నేర్పింది. తరువాతి కాలం దాన్ని ఎంతవరకు గుర్తుంచుకుందన్నది వేరే ప్రశ్న.

4. న్యాయవ్యవస్థ

భారతదేశంలో తొలి పట్టణ ప్రణాళికా చట్టం 1915లో బొంబాయి ప్రెసిడెన్సీలో వచ్చింది. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం కోస్తా, రాయలసీమ ప్రాంతాలకు వర్తించింది. 1975లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2008లో దాని స్థానంలో హెచ్ఎండీఏ, 2014లో రాజధాని ప్రాంతానికి సీఆర్డీఏ చట్టం వచ్చాయి.

1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో మొదటిదిగా పట్టణ ప్రణాళికను పేర్కొంది. పది లక్షలు, ఆపైన జనాభా ఉన్న మహానగర ప్రాంతానికి మహానగర ప్రణాళికా సంఘం ఉండాలని, అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులు స్థానిక ప్రజాప్రతినిధుల నుంచి ఎన్నిక కావాలని నిర్దేశించింది. అయితే అధికారాల బదిలీకి సంబంధించిన 243డబ్ల్యూ అధికరణం రాష్ట్ర శాసనసభ బదిలీ చేయ‘వచ్చు’ అంటుందే తప్ప చేయాలి అనదు. ఆ ఒక్క క్రియాపదంలోని వెసులుబాటులో ముఖ్యమంత్రి అధ్యక్షతన నడిచే అభివృద్ధి సంస్థలు నిలిచి ఉన్నాయి. వార్డు సభ్యుడు వీధి దీపానికి జవాబుదారీ. వీధి ఎక్కడ పోవాలో నిర్ణయించే సంస్థను మాత్రం పౌరుడు ఎన్నుకోడు.

ఈ లోటును న్యాయస్థానాలు కొంతవరకు పూరించాయి. ఉడుపిలో నివాస ప్రాంతంలో సినిమాహాలుకు ఇచ్చిన అనుమతిపై 1974లో వచ్చిన కె. రామదాస్ షెణై తీర్పు, ప్రణాళిక ఉల్లంఘనను ప్రశ్నించే హక్కు ఆ ప్రాంత నివాసికి ఉందని గుర్తించింది. పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించడాన్ని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 1985 నాటి ఓల్గా టెలిస్ తీర్పు కాలిబాటపై నివసించేవారి జీవనోపాధిని జీవించే హక్కులో భాగమని అంగీకరించింది. అదే తీర్పు, తగిన ప్రక్రియ పాటిస్తే తొలగింపు చెల్లుతుందని కూడా చెప్పింది. పార్కును కాపాడిన తీర్పుల్లో పౌరుడు స్థలాన్ని నిలబెట్టుకున్నాడు. కాలిబాట తీర్పులో పౌరునికి దక్కినది నోటీసు. పట్టా ఉన్న నివాసికి, లేని నివాసికి మధ్య దూరం ఈ పోలికలో బయటపడుతుంది.

5. పరిభాష: పేరు నిర్ణయించే హక్కు

5.1. పోరంబోకు, శిఖం, నాలా

‘పోరంబోకు’ తమిళం నుంచి వచ్చిన రెవెన్యూ పదం. ‘పుఱం’ అంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల ఉన్న భూమి, అనగా చెరువు, వాగు, దారి, మేత, శ్మశానం వంటివి పోరంబోకు. ఊరంతటికీ ఉమ్మడిగా పనికివచ్చే నేల అది. కాని శిస్తు రాని భూమి ప్రభుత్వం దృష్టిలో పనికిరాని భూమి. వాడుకలో ఈ మాట పనీపాటా లేని మనిషిని తిట్టే తిట్టుగా మారింది. ఖజానా చూపు జనం నోట ఎలా స్థిరపడుతుందో చెప్పడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు.

తెలంగాణలో ‘శిఖం’ అంటే చెరువు గర్భంలోని భూమి. నీరు తగ్గినప్పుడు సాగు, నిండినప్పుడు చెరువు. కాలాన్ని బట్టి రెండు రూపాలు దాల్చే ఈ నేలకు మాస్టర్‌ప్లాన్ పటంలో సరైన రంగు లేదు. పటానికి ఏడాదంతా ఒకటే రుతువు. ‘ఎఫ్‌టీఎల్’, ‘బఫర్ జోన్’ అన్న కొత్త మాటలు ఒక గీత గీస్తాయి. శిఖం అన్న పాత మాట ఆ గీత కదులుతుందని చెబుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు వర్తించేలా 1996లో జీవో 111 వచ్చింది. ఆ పరివాహక ప్రాంతంలో పరిశ్రమ స్థాపనకు సంబంధించిన ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని ఆధారం చేసుకుని జలాశయాల పక్షం వహించింది. 2022లో జీవో 69 ద్వారా ఆ ఆంక్షలు సడలాయి. ఆంక్షల వల్ల భూమి విలువ పెరగక నష్టపోయామన్న ఆ గ్రామాల రైతుల వాదనను తేలికగా కొట్టిపారేయలేము. నగరం తాగే నీటికి మూల్యం పరివాహక గ్రామాలే చెల్లించాయి. ఆ మూల్యాన్ని నగరం పంచుకునే ఏర్పాటు ప్రణాళికలో లేకపోవడం అసలు లోపం.

‘నాలా’ మరో విచిత్రమైన పదం. నగరవాసికి అది వరదనీటి కాలువ. భూమి కొనేవారికి అది సాగుభూమిని సాగేతరంగా మార్చే రుసుము. 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాల కూర్పు అది. 2006లో కొత్త చట్టం వచ్చినా పాత పొట్టిపేరే నిలిచింది. పొలాన్ని ప్లాటుగా మార్చే ‘నాలా’ పూర్తయిన చోటనే నీరు పారే ‘నాలా’ మూసుకుపోవడం మన నగర శివార్ల అనుభవం.

5.2. అక్రమం, ఆక్రమణ, క్రమబద్ధీకరణ

‘అక్రమం’, ‘ఆక్రమణ’ రెండు వేర్వేరు పదాలు. మొదటిది క్రమం లేనిది. రెండవది మీదికి అడుగుపెట్టడం. పరిపాలనా వ్యవహారంలో వీటి వినియోగంలో ఒక ధోరణి కనిపిస్తుంది. అనుమతి లేని లేఅవుటు, అదనపు అంతస్తు ‘అక్రమం’ అవుతాయి. నాలా ఒడ్డున గుడిసె ‘ఆక్రమణ’ అవుతుంది. అక్రమానికి విరుగుడు భాషలోనే ఉంది: రుసుము చెల్లిస్తే ‘క్రమబద్ధీకరణ’. ఆక్రమణకు అలాంటి వ్యుత్పత్తి లేదు. దానికి జోడయ్యే మాట ‘తొలగింపు’. 2007 నాటి భవనాల క్రమబద్ధీకరణ, 2020లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ ఈ కోవకు చెందినవి.

ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. ప్రభుత్వ భూముల్లో 125 చదరపు గజాల లోపు నివాసాలను పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించేందుకు 2014లో తెలంగాణలో జీవో 58 వెలువడింది. ఇది ఆహ్వానించదగినది. అయినా రెండింటి స్వభావం ఒకటి కాదు. మొదటి వర్గానికి క్రమబద్ధీకరణ రుసుముతో కూడిన లావాదేవీ, రెండవ వర్గానికి దయతో కూడిన పథకం. రాయ్ చెప్పిన నిర్ణయాధికారం రెండు సందర్భాల్లోనూ రాజ్యం చేతిలోనే ఉంది.

5.3. సేకరణ నుంచి సమీకరణ దాకా

1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో వచ్చిన 2013 చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. భూమి లేకపోయినా దానిపై మూడేళ్లుగా ఆధారపడిన కౌలుదారులను, వ్యవసాయ కూలీలను ‘ప్రభావిత కుటుంబాలు’గా గుర్తించింది. అమరావతి కోసం ఎంచుకున్న మార్గం ‘భూసమీకరణ’. 33 వేల ఎకరాలకు పైగా భూమిని రైతులు అప్పగించి, అభివృద్ధి చేసిన ప్లాట్లలో వాటా, పదేళ్ల పాటు వార్షిక కౌలు పొందే ఒప్పందం ఇది. ‘సేకరణ’లో తీసుకునేవాడు ఒకడు, ఇచ్చేవాడు ఒకడు. ‘సమీకరణ’లో ‘సమ’ అన్న పదం భాగస్వామ్యాన్ని స్ఫురింపజేస్తుంది. హోవర్డ్ కోరినట్లు భూమి విలువ పెరుగుదలలో మూల యజమానికి వాటా దక్కడం ఇందులోని మేలు. 2022 మార్చి 3న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ ఒప్పందానికి రాష్ట్రం, సీఆర్డీఏ కట్టుబడి ఉండాలని తీర్పు చెప్పడంతో దాని చట్టబలం కూడా నిరూపితమైంది.

అయితే ఒప్పందంపై సంతకం పెట్టగలిగినది పట్టాదారు మాత్రమే. జరీబు, మెట్ట అన్న వర్గీకరణ భూమికి సంబంధించినది. నదికి దగ్గరగా, పైపైనే నీరు దొరికి, ఏడాది పొడవునా పలు పంటలు పండే జరీబు భూమికి వాణిజ్య ప్లాటులో ఎక్కువ వాటా లభించింది. జరీబు అంటే కేవలం సారవంతమైన నేల కాదు, ఏడాది పొడవునా కూలిపని కూడా. ఆ రెండవ అర్థం వర్గీకరణలో చేరలేదు. భూమిలేని కుటుంబానికి దక్కినది నెలకు 2,500 రూపాయల పింఛను. ఒకే నేలపై బతికిన ఇద్దరిలో ఒకరికి వాటా, మరొకరికి భృతి. 2013 చట్టం పేరు పెట్టి గుర్తించిన కౌలుదారు, కూలీ ‘సమీకరణ’ అన్న సౌమ్యమైన మాటలో సమభాగస్వాములు కాలేకపోయారు.

6. భాష, భాగస్వామ్యం

ప్రణాళికా చట్టాలన్నీ ముసాయిదాపై ‘అభ్యంతరాలు, సూచనలు’ ఆహ్వానిస్తాయి. అభ్యంతరం చెప్పాలంటే ముందు పత్రం అర్థం కావాలి. 1966 నుంచి తెలుగు అధికార భాష. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం శాసనాలకు ప్రామాణిక పాఠం ఇంగ్లీషుదే. మాస్టర్‌ప్లాన్ నివేదికలు, జోనింగు నిబంధనలు సైతం ఎక్కువగా ఇంగ్లీషులోనే వెలువడుతున్నాయి. తన పొలం మీద వంద అడుగుల రోడ్డు గీత పడిందని రైతుకు తెలిసేది తరచుగా పక్కవాడు చెప్పినప్పుడే. ఆర్న్‌స్టీన్ నిచ్చెన ఎక్కాలంటే మొదటి మెట్టు చదవగలిగిన భాషలో ఉండాలి.

కేవలం అనువాదంతో ఈ సమస్య తీరదు. ‘భూ వినియోగ పరివర్తన’, ‘సమగ్ర బృహత్ ప్రణాళిక’ వంటి సంస్కృత సమాసాలు ఇంగ్లీషు కంటే తేలిక కావు. గ్రామకంఠం, డొంక, వాగు, శిఖం, కుంట, మెట్ట, జరీబు వంటి మాటల్లో నేల గురించిన తరతరాల పరిజ్ఞానం నిక్షిప్తమై ఉంది. ప్రణాళిక ఆ మాటల నుంచి మొదలైతే పటంపై గీసే గీతలు కూడా మారే అవకాశం ఉంది. గెడెస్ చెప్పిన సర్వే భూమికి మాత్రమే కాక భాషకూ వర్తించాలి.

7. ముగింపు

- పట్టణ ప్రణాళికా సిద్ధాంతం నిపుణుని నుంచి పౌరుని వైపు మళ్లినా, మన చట్టవ్యవస్థలో నిర్ణయాధికారం ఎన్నికకాని సంస్థల వద్దనే నిలిచింది.
- ఆధునిక జోనింగు, ఊరు–వాడల పాత విభజన పరస్పరం విరుద్ధమైనవి కావు. మొదటిది రెండవదాని మీద నిలబడగలదు.
- పోరంబోకు, నాలా, అక్రమం, ఆక్రమణ, సమీకరణ వంటి పదాలు వర్ణన కోసం ఏర్పడినవిగా కనిపించినా హక్కులను పంపిణీ చేసే పని చేస్తున్నాయి.
- పట్టాను ఏకైక ప్రమాణంగా తీసుకున్నంతకాలం ‘ప్రజాప్రయోజనం’లోని ‘ప్రజ’ అసంపూర్ణంగానే ఉంటుంది. 2013 చట్టంలోని ‘ప్రభావిత కుటుంబం’ అన్న నిర్వచనం భూసమీకరణకూ వర్తించవలసి ఉంది.
- ముసాయిదా ప్రణాళికలు స్థానిక భూపరిభాషతో కూడిన తెలుగులో వెలువడటం భాషాభిమానానికి సంబంధించిన కోరిక కాదు. అభ్యంతరం చెప్పే హక్కుకు అది పూర్వషరతు.

తెలుగు శాఖలు పదకోశాల నిర్మాణంలో, మాండలిక సేకరణలో సంపాదించిన అనుభవం ఈ పనికి అక్కరకు వస్తుంది. రెవెన్యూ రికార్డుల్లోని భూపదాలను ప్రాంతాలవారీగా సేకరించి, వాటి అర్థాలను సాగు చేసినవారి నోట విని నమోదు చేయడం తక్షణం చేపట్టదగిన పరిశోధన. ఆ పదాలు వాడుక నుంచి తప్పుకుంటే ఆ నేలపై ఎవరికి ఏ హక్కు ఉండేదో చెప్పే సాక్ష్యం కూడా వాటితోపాటే కనుమరుగవుతుంది.